తోహ్మత్

తాళం తిప్పితే "టిక్" మంది. అంతే. మళ్లీ తిప్పాను, మళ్లీ టిక్. సెల్ఫ్ తిరగలేదు.

"రాత్రి లైటు ఆర్పకుండా దిగారా అబ్బా?" అన్నాను.

"నై బేటా, బంద్ కర్కేచ్ ఉత్రా" అన్నారాయన. ఆర్పే దిగానని. నేను నమ్మలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెదికే మనిషి. ఎలా నమ్ముతాను?

కారు 1997 మోడల్ మారుతి 800. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు మరీ మరిగిన పాల రంగు. కార్బురేటర్ బండి, చలికాలం చోక్ లాగితేగానీ లేవదు. పదిహేనేళ్లు నిండినప్పటి నుంచి అబ్బా ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నారు. నేను హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లిన ప్రతిసారీ "అమ్మేద్దాం" అంటాను. ఆయన ఆ మాట మాత్రం వినబడనట్టు "చాయ్ తాగావా" అంటారు.

ఆ మొదటిసారి బ్యాటరీ దుకాణం కుర్రాడొకడు ఇంకో బ్యాటరీ, జంపర్ కేబుళ్లు తెచ్చాడు. ఎర్ర క్లిప్పు ఎర్రదానికి తగిలించాడు, నల్లది ఎక్కడో పెట్టాడు. తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది. "బ్యాటరీ వీక్ సార్. పెద్దాయన లైటు మర్చిపోయుంటారు" అన్నాడు. నేను అబ్బా వైపు చూశాను. ఆయన గేటు గడియ సరిచేస్తున్నారు, దానికేమీ కాకపోయినా.

రెండోసారి అమ్మీని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు జరిగింది. మళ్లీ టిక్. మళ్లీ అదే కుర్రాడు, అవే కేబుళ్లు, మళ్లీ లేచింది. ఇక ఫికర్ ఎందుకని కొత్త బ్యాటరీ కొన్నాను. పదిహేను రోజులు బ్రహ్మాండంగా నడిచింది. నా తీర్పుకి సబూతు దొరికినట్టే కదా.

మూడోసారిది చెప్పడం కష్టంగా ఉంది.

నంద్యాలలో అబ్బా చిన్ననాటి దోస్తు పోయారు. పొద్దున తొమ్మిదింటికి ఫోన్. జొహర్ నమాజ్ తర్వాత జనాజా. కర్నూలు నుంచి 70 కిలోమీటర్లు, హాయిగా అందుకోవచ్చు. అబ్బా తెల్ల కుర్తా వేసుకుని, అత్తరు శీషా తీసి, మళ్లీ లోపల పెట్టేసి వచ్చి కారులో కూర్చున్నారు. తాళం తిప్పాను. టిక్.

కొత్త బ్యాటరీ! రెండు వారాలైంది అంతే! నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే బస్టాండుకి వెళ్లి ఉంటే సరిపోయేది. కానీ నాకు జిద్దు. మెకానిక్కుకి ఫోన్లు, తాళం తిప్పడాలు, బానెట్ ఎత్తడాలు. గంటన్నర పోయింది. మధ్యలో అబ్బా బానెట్‌లోకి వంగి ఏదో ముట్టుకుని, "చోక్ కేబుల్ గరం అయింది చూడు" అన్నారు. చోక్ కేబుల్‌కీ, బండి లేవకపోవడానికీ సంబంధమేంటి? "మీరు కూర్చోండి అబ్బా" అన్నాను. కాస్త గట్టిగానే.

మేం బస్సు దిగి కబరస్తాన్ చేరేసరికి జనం వెనక్కి వస్తున్నారు. అబ్బా తడి మట్టి పక్కన ఒక్కరే నిలబడి దువా చేసుకున్నారు. తిరుగు బస్సులో నేను ఊరుకున్నానా? "ఎన్నిసార్లు చెప్పాను లైటు చూసుకోమని" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. ఈసారి "బంద్ కర్కేచ్ ఉత్రా" అని కూడా అనలేదు. ఆయన కూడా తనను తాను నమ్మడం మానేశారని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు మెకానిక్ వచ్చి, సెల్ఫ్ మోటరు పోయింది, మార్చాలి అన్నాడు. డబ్బులు ఇవ్వబోతుంటే అమ్మీ ఆపింది. "పాతబస్తీలో ఎలక్ట్రీషియన్ చిచ్చా ఉన్నాడుగా, ఒకసారి చూపించు."

చిచ్చా పాతకాలం ఉస్తాద్. చేతిలో పానాల పెట్టె లేదు. జేబులో రెండు వైర్లకు బిగించిన 12 వోల్టుల బల్బొకటి, ఓ పాత మల్టీమీటరు. వచ్చి బానెట్ ముట్టుకోలేదు. స్టూలు అడిగి కూర్చుని సవాళ్లు మొదలుపెట్టాడు. మా నానా యునానీ హకీం. నబ్జ్ పట్టుకునే ముందు మనిషిని అరగంట మాట్లాడించేవాడట. అచ్చం అలాగే.

"శబ్దం ఎలా వస్తుంది? టకటకటక అంటుందా, ఒక్కసారే టిక్ అంటుందా?"

ఒక్కసారే.

"తాళం తిప్పినప్పుడు హెడ్‌లైట్లు ఏమవుతాయి?"

నేనెప్పుడూ చూడలేదు. తిట్టే పనిలో ఉన్నాను కదా.

లైట్లు వేయించి, నన్ను తాళం తిప్పమన్నాడు. టిక్. లైట్లు చెక్కు చెదరలేదు. చిచ్చా తల పంకించాడు. లైట్లు ఆరిపోతే బ్యాటరీలో దమ్ము లేదనో, టెర్మినళ్లు వదులయ్యాయనో అర్థం. బాగా మసకబారితే సెల్ఫ్ కరెంటు లాగుతోంది గానీ తిరగలేకపోతోంది, అది గానీ ఇంజను గానీ పట్టేసి ఉండొచ్చు. వెలుగు తగ్గలేదంటే సెల్ఫ్‌కి అసలు కరెంటే పోవడం లేదు. రెండు హెడ్‌లైట్లకీ కలిపి 10 ఆంపియర్లు చాలు. సెల్ఫ్‌కి 100 పైన కావాలి. అంత పెద్ద బరువు మీద పడితే ఎంత కొత్త బ్యాటరీ అయినా కాస్త వంగాల్సిందే. ఇది వంగలేదు.

మీటరు పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నిండు బ్యాటరీ. తాళం తిప్పినా 12 కిందికి దిగలేదు. "బ్యాటరీకా క్యా ఖసూర్?" అన్నాడు. దీని తప్పేముందని. నేను అబ్బా వైపు చూడలేదు.

అప్పుడు అడిగాడు అసలు సవాల్. "ఆ కుర్రాడు జంపర్ పెట్టినప్పుడు నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టాడు?"

గుర్తు తెచ్చుకున్నాను. బ్యాటరీ మీద కాదు. ఇంజను మీద ఏదో బోల్టుకి.

చిచ్చా పళ్లు లేని నవ్వొకటి నవ్వాడు. నల్ల క్లిప్పు ఇంజను లోహానికి పెట్టడం సరైన పద్ధతే. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకుండా అలాగే పెడతారు. కుర్రాడు పని సరిగ్గా చేశాడు, అందుకే తష్ఖీస్ తప్పింది. తష్ఖీస్ అంటే రోగమేదో తేల్చడం, మా నానా ఎక్కువగా వాడిన మాట. ఇలాజ్ పనిచేసింది కాబట్టి రోగం అదేనని మేమంతా అనుకున్నాం.

సంగతేమిటంటే, ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక సన్న తీగ బాడీకి పోతుంది, ఒక లావు తీగ గేర్‌బాక్సుకి పోతుంది. లైట్లూ హారనూ బాడీ తీగ మీద బతుకుతాయి. సెల్ఫ్ లావు తీగ మీద బతుకుతుంది. ఆ లావు తీగ చచ్చిపోతే లైట్లు ధగధగ, సెల్ఫ్ మాత్రం టిక్. కుర్రాడి నల్ల క్లిప్పు ఆ చచ్చిన తీగని తప్పించి కరెంటుకి వేరే దారి ఇచ్చింది. కొత్త బ్యాటరీ పెట్టినప్పుడు తీగ అటూ ఇటూ కదిలి, లోపల నాలుగు పోగులు తగులుకున్నాయేమో, పదిహేను రోజులు నడిచింది.

మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజను మీద గీకిన చోట పెట్టి తాళం తిప్పమన్నాడు. ఆ రెండూ ఒకే తీగకి రెండు చివరలు. మధ్యలో అర వోల్టు కూడా పోకూడదు. మీటరు 9 దాటింది.

"మరి చోక్ కేబుల్..." అని అబ్బా మెల్లగా అన్నారు.

చిచ్చా గిర్రున తిరిగాడు. "వేడెక్కిందా?"

"బహుత్ గరం."

"భాయీ, మీరు మొదటి రోజే దొరకబుచ్చుకున్నారు!" దారి మూసుకుపోయిన కరెంటు బాడీలోంచి ఇంజనులోకి పోవడానికి దొరికినదల్లా పట్టుకుంటుందట. చోక్ కేబుల్, క్లచ్ కేబుల్, ఏదైనా సరే. సన్న తీగ, అంత కరెంటు మోయలేదు, కాలుతుంది. చూపించాడు. పైతొడుగు ఒకచోట మెత్తబడి ఉబ్బి ఉంది.

లావు తీగ విప్పితే పైకి నల్లగా, బాగానే ఉంది. గేర్‌బాక్సు దగ్గరి కొస తొడుగు చీల్చాడు. లోపల రాగి లేదు. పచ్చటి, తెల్లటి పొడి. నాలుగు పోగులు మిగిలాయి.

2009 అక్టోబరు వరదలో ఈ కారు మా వీధిలో కిటికీల దాకా మునిగింది. తుంగభద్ర దిగాక సీట్లు మార్చాం, సెల్ఫ్ విప్పించాం, కార్బురేటర్ కడిగించాం. ఈ మూరెడు తీగని ఎవరూ చూడలేదు. అప్పటి తడే లోలోపల తింటూ వచ్చి ఉంటుందని చిచ్చా అన్నాడు.

కొత్త తీగ తెచ్చి, కొసలు కూర్చునే చోట గరుకు కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలీన్ పూశాడు. అరగంట పని. సెల్ఫ్ మోటరు ధర చెవిన పడ్డ నాకు, ఆయన అడిగిన సొమ్ము వింటే సిగ్గేసింది.

"తిప్పండి భాయీ" అని చిచ్చా తాళం నాకు కాదు, అబ్బాకి ఇచ్చాడు. ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. అబ్బా కాసేపు అలాగే స్టీరింగ్ పట్టుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు.

చిచ్చాని పంపించి వచ్చి, "మాఫ్ కర్దో అబ్బా" అన్నాను. జనాజా మాట నోట రాలేదు. "క్యా బా, ఇత్తీ సీ బాత్ కూ" అన్నారు. ఇంత చిన్న మాటకా అని.

బండి అమ్మే ప్రస్తావన నేను మళ్లీ తేలేదు. అబ్బా నడుపుతూనే ఉన్నారు. కానీ ఇంటికొచ్చి ఆపిన ప్రతిసారీ దిగి ముందుకెళ్తారు. ఎడమ లైటు అద్దం మీద అరచెయ్యి పెడతారు, తర్వాత కుడిదాని మీద. నేనక్కడ ఉంటే నా వైపు చూసి "బంద్" అంటారు. ఆ కాసేపు నేను గేటు గడియ సరిచేస్తుంటాను.