నిప్పుల మీద పేలాలు

విశాఖపట్నం నుంచి అరకులోయకు రోడ్డున పోతే సుమారు 115 కిలోమీటర్లు. కాని రైలుమీద పోవడంలో వున్న సరదా వేరు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దించడానికి 1960 దశకంలో వేసిన దారి అది. శృంగవరపుకోట దాటింది మొదలు బండి కొండలెక్కుతూ, ఒక సొరంగంలోంచి వచ్చి మరో సొరంగంలోకి దూరుతూ వుంటుంది. చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు; వెలుగు రాగానే పెద్దలు ఫలహారాల పొట్లాలు లెక్క చూసుకుంటారు! బొర్రా దాటాక కిటికీలోంచి వచ్చే గాలిలో చలి తెలుస్తుంది. లోయ సముద్రమట్టానికి రమారమి 900 మీటర్ల ఎత్తున వుంది మరి. 2022 నుంచి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలోది.

మేము వెళ్లింది సంక్రాంతి వెళ్లిన వారంలో. కాఫీతోటలూ, సిల్వర్ ఓక్ చెట్లను పట్టుకుని పైకి పాకిన మిరియపు తీగలూ, గిరిజన మ్యూజియమూ – వీటిని గురించి చాలామంది వ్రాశారు గనుక నేను మళ్లీ వ్రాయను. ఆ రోజుల్లో పొద్దు గూకితే అరకులో చేయదగిన పని ఒక్కటే – నెగడు వేసుకుని చుట్టూ కూర్చోవడం.

మా బస వూరి చివర. అక్కడ కాపలా వుండే ముసలమ్మ కట్టెలు తెచ్చి పెరట్లో నెగడు వేసింది. మా అబ్బాయి బజారులో కొన్న మొక్కజొన్న గింజల పొట్లం తీశాడు. సినిమాహాల్లో అమ్మే పాప్‌కార్న్ ఇక్కడే చేసి చూపిస్తానని వాడి పంతం. మూకుడులో నూనె పోసి మంటమీద పెట్టాడు. గింజలు ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, పొగ కక్కాయి. పేలినవి మాత్రం ఒకటో రెండో!

"ఏటి బాబూ, కోళ్లకేసే గింజలు తెచ్చీసినావు! ఇయ్యెక్కడ పేల్తాయి?" అంది ముసలమ్మ.

ఆవిడ మాట నిజమే. మొక్కజొన్నలన్నీ పేలవు. పేలే రకం గింజ చిన్నది, గాజులాంటి గట్టి పెంకు గలది. దాని కడుపులో నూటికి 13, 14 పాళ్లు తడి వుంటుంది. వేడి 180 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరికి వచ్చేసరికి ఆ తడి ఆవిరై, బయటికి దారిలేక, లోపలి పిండిని మెత్తబరిచి, చివరికి పెంకును బద్దలు కొడుతుంది. పిండి నురగలా పొంగి, ఆ క్షణంలోనే చల్లారి బిరుసెక్కుతుంది. పెంకు చిట్లిన గింజ పేలదు. మరీ ఎండిపోయిన గింజా పేలదు. ఎగసే మంటమీద పెడితే లోపల వుడికేలోగా పైన మాడుతుంది. కనుకనే నిప్పుల మీద చేయాలి గాని మంటమీద కాదు.

ముసలమ్మ గుడిసెలోకి వెళ్లి, పొయ్యిమీద దూలానికి వేలాడదీసిన పొత్తు ఒకటి పట్టుకొచ్చింది. పొగచూరి నల్లబడి వున్నది. దాని వెనకాలే మనుమరాలు పరుగెత్తుకొచ్చింది.

"మామ్మా, అది విత్తనం గదే!"

ఆ పిల్ల గొంతులో బెదురు విని మా ఆవిడ, "వద్దు మామ్మా, లోపల పెట్టెయ్యి" అన్నది.

కోతులు పాడుచేయగా ఆ యేడు మిగిలినవి నాలుగే పొత్తులట. అది ఆవిడ అత్తగారి నాటి విత్తనం. కొట్లో దొరికే సంకర విత్తనమైతే పండిన పంటలోంచి తీసి మళ్లీ చల్లినా గుణం నిలవదు, ఏటేటా కొనవలసిందే. ఈ గింజ పోతే మరి దొరకదన్నమాట.

ముసలమ్మ నవ్వి, పొత్తును వడిలో పెట్టుకు వొలిచింది. నడిమి వరసల బలమైన గింజలు కొంగున ముడివేసుకుంది. రెండు కొసల చిన్నగింజలు చేటలో పోసింది. "నడుం గింజ భూమికి, కొస గింజ కడుపుకి" అన్నది. మనుమరాలి ముఖం తేటపడింది.

ఇక చూడాలి! పగిలిన కుండపెంకు – మన మంగలమే – నిప్పులమీద పెట్టి ఇసుక పోసింది. ఇసుక బాగా కాగాక గింజలు వేసి పుల్లలకట్టతో తిప్పింది. టప్ మని ఒకటి. ఆ వెనుక టపటపా పది. మూతలేని మంగలంలోంచి ఎగిరిన వాటికోసం పిల్లలంతా పెరడు గాలించారు. జల్లెడ పట్టి, వుప్పు చల్లి, తలా గుప్పెడూ పెట్టింది. పొగవాసనతో ఆ రుచి సినిమాహాల్లో రాదు.

1492లో కొలంబస్ వెళ్లాకగాని అమెరికానుంచి మొక్కజొన్న మనదాకా రాలేదు. కాని జొన్నపేలాలు మనకు కొత్తవి కావు. తొలి ఏకాదశినాడు పేలపిండిలో బెల్లం కలుపుకు తినని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. అమెరికా ఆదివాసులు కూడా గింజలను వేడి ఇసుకలోనే పేల్చేవారట.

డబ్బివ్వబోతే ముసలమ్మ కట్టెలకు మాత్రం పుచ్చుకుంది, గింజలకు వద్దన్నది. చుట్టూ ఎండుటాకులు గనుక నెగడు మీద రెండు బిందెల నీళ్లు పోసి, మట్టి కప్పి మరీ వెళ్లింది.

అరకు వెళ్లేవారికి ఒక్క మాట. పేలే గింజలు విశాఖలోనే కొని పట్టుకెళ్లండి. ఎవరి యింటనైనా పొయ్యిమీద పొత్తులు వేలాడుతూ కనిపిస్తే, బేరం మాత్రం చేయకండి. అవి జూన్ వానలకోసం ఎదురుచూస్తున్నాయి.