కన్నతల్లిని వెదకుట

దత్తత మన ఇండ్ల కెరుగనిది కాదు. కాని దేశమును, భాషయు మారిన దత్తత వేరు. 1953లో కొరియా యుద్ధము ముగిసిన పిదప, కొన్ని దశాబ్దములలో దాదాపు రెండు లక్షలమంది కొరియా బిడ్డలను పరదేశములకు దత్తమిచ్చిరి. పెద్దవారైన వారిలో అనేకులు నేడు కన్నవారిని వెదకుచున్నారు.

మొదట దత్తత పత్రములను కోరవలెను. 2025 నుండి అది ప్రభుత్వ బాలల హక్కుల కేంద్రము పని. సాధారణముగ తల్లి సమ్మతింపనిదే ఆమె చిరునామా తెలుపరు. అది న్యాయమే యని నా తలంపు. నన్ను కలచినది వేరొకటి. తల్లిదండ్రులున్న బిడ్డలను సైతము అనాథలని వ్రాసి పంపిరని 2025 మార్చిలో ఆ దేశపు సత్యశోధన సంఘమే తేల్చినది. కాగితమే కల్లలాడినచో దిక్కేది?

అట్టివారు 2020 నుండి కొన్ని దేశములలోని కొరియా రాయబార కార్యాలయములందు డి.ఎన్.ఏ. నమూనా నీయవచ్చును. కన్నవారో తోబుట్టువులో కూడ నమూనా ఇచ్చియున్ననే జత కుదురును. కుదిరి కలిసికొన్నను, అమ్మతో తెలుగున మాటలాడు మన పిల్లల ఊహ కందని దొకటి కలదు: ఆ తల్లీబిడ్డల నడుమ తరచుగ దుబాసి కూర్చుండవలసినదే.