రాహువు నీడ, తల్లి మీద నింద

పురాణ కథలన్నీ జనాన్ని మోసం చేయడానికి ఎవరో కూర్చుని అల్లినవే అని కొట్టిపారేస్తే సరిపోదు. వాటిలో చాలా కథలు మనిషి భయంలోంచి, ప్రకృతిని గమనించిన కంటిలోంచి పుట్టాయి. రాహువు కథే చూడండి. పట్టపగలు సూర్యుడు ఎవరో కొరికినట్టు తరిగిపోతాడు, కాసేపటికి నిండుగా బయటికొస్తాడు. మింగినవాడు ఎందుకు వదిలాడు? ఆ ప్రశ్నకు జవాబే తల తెగిన రాహువు. మొండెం లేదు కనుక మింగినది మెడలోంచి బయటపడుతుంది. చూసినదాన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి మనిషి తనకు తెలిసిన పనినే, తినడాన్నే, ఆకాశంలో చూశాడు.

చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ ఆర్యభటుడు సుమారు క్రీ.శ. 499లోనే చెప్పాడు. సూర్యచంద్రుల దారులు ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులకు మన గణితంలో రాహువు, కేతువు అనే పేర్లు నిలిచాయి. గణితంలో రాక్షసుడు పోయి బిందువు మిగిలింది. ఇళ్ళల్లో మాత్రం రాక్షసుడే మిగిలాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా సాగింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, బయట ఎందరో తలుపులు బిగించుకుని కూర్చున్నారు.

ఆ భయం బరువంతా గర్భిణి మీద పడింది. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాష పెట్టిన పేరే 'గ్రహణం మొర్రి'. మా వాడలో అలాంటి బాబు పుట్టినప్పుడు, చూడవచ్చిన ఆడవాళ్ళు తల్లిని అడిగిన మొదటి మాట, "గ్రహణం నాడు కత్తిపీట పట్టావా అమ్మా?" ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటూ ఏడ్చింది. మేము ఆమె వెంట ఆసుపత్రికి వెళ్ళాం. కడుపులో బిడ్డ పెదవి భాగాలు రెండో నెల ముగిసేలోపే కలుస్తాయని, ఆమె చెబుతున్న ఏడో నెల గ్రహణానికీ దీనికీ సంబంధమే లేదని డాక్టరు చెప్పారు. కొన్ని నెలలకు ఆపరేషన్‌తో పెదవి కలిసింది. వాడలో ఆ మాట మాత్రం ఇంకా పోలేదు.

మన సంయుత్త నికాయంలోనూ రాహువు ఉన్నాడు. చందిమ సుత్తంలో చంద్రుణ్ణి, సురియ సుత్తంలో సూర్యుణ్ణి పడతాడు. దీన్ని దాచనక్కరలేదు. భగవానుడు ఆనాటి జనానికి తెలిసిన కథలోనే మాట్లాడాడు. కానీ అక్కడ పట్టుబడినవాడికి శరణు దొరికింది, పట్టినవాడికి వదలమనే మాట వినబడింది. ఏ తల్లి మీదా నేరం పడలేదు. కాలాములకు ఆయన ఇచ్చిన కొలత కూడా అదే: ఒక మాట ఎంత పాతదని కాదు, దానివల్ల హాని కలుగుతుందా, మేలు కలుగుతుందా అని చూడండి.

కథ పుట్టడంలో తప్పు లేదు. కారణం తెలిశాక కూడా ఆ కథతో ఒక ఆడమనిషిని దోషిగా నిలబెట్టడమే తప్పు. ఉపాసకులారా, ఉపాసికలారా, ఈసారి గ్రహణం వచ్చినప్పుడు మన ఇంటి గర్భిణికి వేళకు అన్నం పెడదాం, మంచినీళ్ళిద్దాం. ఆ బిడ్డ పెదవిని పెదవి చీలిక అనే పిలుద్దాం.