కోట లేని సీమ

కోనసీమలో కోట లేదు. ఈ మాట తాతయ్య చెప్తే నాకు ఏడుపొచ్చినంత పనయింది. అప్పటికి మా బుర్రల నిండా చందమామ కథలే. అందులో ప్రతి రాజుకీ ఓ కోట, కోట చుట్టూ అగడ్త, అగడ్తలో మొసళ్లు, రాణీవాసం నుంచి ఊరి బయటికి ఓ సొరంగం. కాంతారావు కత్తి పట్టుకుని బురుజు మీంచి దూకే సినిమా కొత్తపేటకు వస్తే రెండోసారి కూడా వెళ్లేవాళ్లం. మరి మనల్ని ఏలినవాళ్లు ఎక్కడుండేవారు తాతయ్యా అంటే ఆయన నవ్వేవాడు.

"కట్టడానికి రాయేదిరా మనకి? ఇదంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. నుయ్యి తవ్వినా గులకరాయి తగల్దు. కోట కావాలంటే కొండ కావాలి. కొండ కావాలంటే ఏరు దాటాలి."

గౌతమికీ వశిష్ఠకీ మధ్య ముక్క ఇది. కొబ్బరితోట, వరిచేను, కాలువ, మళ్లీ కొబ్బరితోట. ఎత్తు అంటే కాలువగట్టే. కానీ తాతయ్య మాటలోనే మాకో దారి దొరికింది. ఇక్కడ రాయి పుట్టదు కాబట్టి, ఎక్కడైనా పెద్ద రాయి కనబడిందంటే దాన్ని ఎవరో పనిగట్టుకుని పడవ మీద తెచ్చి ఉండాలి. అంత ఓపికా, అంత డబ్బూ ఉన్నవాడు రాజో, రాజు మనిషో అయి ఉండాలి. ఇక రాళ్ల వేట మొదలు.

బస్టాండు దగ్గర అద్దె సైకిళ్లు ఉండేవి. గంటకింత. మా ఎత్తుకి సీటు అందేది కాదు. బారు కిందనుంచి కుడికాలు దూర్చి, ఒంటిని ఓ పక్కకి వాల్చి తొక్కేవాళ్లం. వెనక క్యారేజీ మీద ఇంకొకడు. వాడి పని దిగి తొయ్యడం, గంట దాటుతోందని గుర్తుచెయ్యడం. గంటలో పోయి రాగలిగిన ఊరు పలివెల ఒక్కటే. అందుకే మా చరిత్ర పలివెలతో మొదలయింది.

పలివెల ఉమాకొప్పేశ్వరస్వామి గుడి గురించి కోనసీమ బయట ఎక్కువమందికి తెలియదు. అమ్మవారూ అయ్యవారూ ఒకే పీఠం మీద ఉంటారు. స్వామికి కొప్పు ఉంటుంది. దాని వెనక ఓ కథ ఉంది. పూజారికి ఓ వేశ్యతో సాంగత్యం. దేవుడి దండ ముందు ఆవిడ జడలో పెట్టి తెచ్చేవాడట. ఓ రోజు రాజుగారికిచ్చిన ప్రసాదపు దండలో పొడవాటి వెంట్రుక కనబడింది. ఇదేమిటని నిలదీస్తే, మా స్వామికి కొప్పుంది మహారాజా అనేశాడు పూజారి. రేపొచ్చి చూస్తానన్నాడు రాజు. రాత్రంతా ఏడ్చి మొత్తుకున్నాడు పూజారి. తెల్లారేసరికి లింగం మీద కొప్పు మొలిచింది. తప్పు చేసినవాణ్ని దేవుడే అబద్ధమాడి కాపాడిన స్థలపురాణం ఇది. మాకు భలే నచ్చేది. హోంవర్కు చెయ్యని రోజున బడికి వెళ్తూ కొప్పయ్యకి దణ్ణం పెట్టుకునేవాళ్లం.

నాకు ఆ గుడిలో దేవుడి కన్నా రాళ్లు ఎక్కువ గుర్తున్నాయి. అక్కడి శాసనాలను ప్రభుత్వ శాసన సంపుటాల్లో అచ్చువేశారన్న సంగతి కాలేజీలో చేరాక తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా రాతి మీద అక్షరాలున్నాయని. ఏటేటా వేసిన సున్నం అట్టలు కట్టి ఆ అక్షరాల్లో కూరుకుపోయి ఉండేది. వేలిగోటితో గీరితే పొడి రాలి, కింద నల్లటి గీత బయటపడేది. ముందు ఓ సున్న, దాని మీద తలకట్టులాంటి చిన్న వంపు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఒకడు "శ్రీ" పట్టుకున్నాడు. ఆ పూట అంతకుమించి ముందుకు సాగలేదు. అయినా ఏదో నిధి తాళం దొరికినట్టే ఎగిరాం. పూజారిగారు వచ్చి, "బాబూ, గోడలు గోకకండి నాన్నా, చేతులు పాడవుతాయి" అన్నారు. ఆయన బాధ గోడ గురించి కాదు, మా గోళ్ల గురించి.

పలివెల తరవాత వానపల్లి. పల్లాలమ్మ గుడి ఉన్న ఊరు. తీర్థానికి వెళ్లి జీళ్లు కొనుక్కుని వచ్చేయడం తప్ప అక్కడ మాకు చూసేదేమీ కనబడలేదు. చరిత్ర లెక్కలో మాత్రం వానపల్లి చాలా పెద్ద ఊరు. కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి రాగిశాసనం అక్కడ దొరికింది. శకం 1300, అంటే మన లెక్కలో 1378. పండితులు దాన్ని వానపల్లి శాసనమనే పిలుస్తారు. ఎక్కడో పల్నాటి పక్కన కొండ మీద కోట కట్టుకున్న రాజు రాగిరేకుల మీద చెక్కించిన మాట మా తీర్థం ఊరి పేరుతో నిలిచింది. వరదొస్తే మట్టిగోడ కరిగిపోతుంది. రాగిరేకు కరగదు.

వరద సంగతి వచ్చింది కాబట్టి ఓ మాట. 1986 ఆగస్టులో గోదారి గట్లు తెంచుకుని వచ్చినప్పుడు మేం కళ్లారా చూశాం. లంకల్లో వాళ్లు ఇళ్లకప్పుల మీదికి ఎక్కారు. నీళ్లు తీశాక కొన్నిచోట్ల చేను ఉన్నచోట ఇసకమేట, ఇల్లున్నచోట గొయ్యి. పదకొండు పన్నెండు శతాబ్దాల్లో ఈ కోనను ఏలిన హైహయ రాజులు ఎక్కడ కాపురమున్నారో చూపించేవాళ్లు మాకెవరూ దొరకలేదు. ఆ వరద చూశాక అందులో వింతేమీ లేదనిపించింది. పద్నాలుగో శతాబ్దంలో కోనను ఏలుబడిలో పెట్టుకున్న ముమ్మడి నాయకుడు తెలివైనవాడు. ఏటికి అవతల కోరుకొండలో కూర్చున్నాడు.

ర్యాలికి దారి వేరు. అక్కడికి అద్దె సైకిలు గిట్టుబాటు కాదు, ఎవరి ఇంట్లోనైనా నాన్నగారి సైకిలు దొరికిన రోజే. లొల్ల లాకుల దగ్గర ఆగి నీళ్ల హోరు వింటూ, తలుపులు ఎత్తే చక్రాలకేసి చూస్తూ నిలబడేవాళ్లం. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే నల్లరాయి. ముందు విష్ణువు, వెనక మోహిని. అర్చకులు దీపం వెనక్కి తిప్పి పట్టుకుని కొప్పు ముడి, నడుం దగ్గర చీరమడత చూపించేవారు. మిగతా విషయాలు ఎవరైనా చెప్తారు. నేను గంటలతరబడి ఆలోచించింది ఒక్కటే: ఈ రాయిని పడవలోంచి ఎలా దించారా అని.

ఇక మాకు దొరికిన అసలు కోట ద్రాక్షారామం. పెద్దవాళ్లు తోడుంటే తప్ప పంపేవారు కాదు. ముక్తేశ్వరం రేవులో సైకిళ్లను పంటు మీదికి ఎక్కించి, గౌతమి దాటి కోటిపల్లిలో దిగి, అక్కణ్నుంచి తొక్కుడు. ఎత్తయిన ప్రాకారం, లోపల ఇంకో ప్రాకారం, రెండంతస్తుల గుడి, కింద చీకటి, మెట్లెక్కితే పైన లింగం శిరసు. తూర్పు చాళుక్యుల భీముడు కట్టించాడంటారు. శ్రీనాథుడు దీని మీద ఏకంగా ఓ పురాణమే రాశాడు. ఊళ్లోనే ఒలందు దిబ్బ అని ఒకటుంది. ఒకప్పుడు డచ్చివాళ్లు అక్కడ వ్యాపారం చేసి, అక్కడే సమాధులయ్యారు. వాళ్ల దేశంలోనూ మనలాంటి ఒండ్రునేలే. అయితే అక్కడ ఇటుకలు కాల్చి మ్యూడర్‌స్లాట్ లాంటి కోటలు కట్టుకున్నారు. మనవాళ్లు ఆ డబ్బూ ఆ కష్టం గుళ్లకే పెట్టారు.

ద్రాక్షారామంలో స్తంభాల మీదా గోడల మీదా శాసనాలు వందల్లో ఉన్నాయి. యుద్ధాల కథలుంటాయనుకుంటాం. చాలావాటిలో ఉన్నది నెయ్యి. ఎవరో ఒకరు స్వామికి అఖండదీపం పెడతారు. అందుకు పశువుల మందను ఇస్తారు. ఆ మందను ఓ బోయ ఒప్పుకుని, రోజుకి మానెడు నెయ్యి గుడికి తెచ్చిపోయాలి. ఆ ఏర్పాటు చెడగొట్టినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం. వెయ్యేళ్ల కిందట ఈ గట్ల మీద గేదో ఆవో తోలుకుపోయిన మనిషి పేరు రాతి మీద ఉంది. ఏ కోటలో ఉంటుంది పశువుల కాపరి పేరు?

సినిమాలో కోటలా కనిపించే కట్టడం మా సీమలో నిజంగా ఒకటుంది. గన్నవరం అక్విడెక్టు. 1850ల మొదట్లో, కాటన్ దొర హయాంలో, హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు కట్టించాడు. వరసగా 49 కమానులు. కింద వైనతేయ, పైన కాలువ. కమాను కింద నిలబడి అరిస్తే మన గొంతే తిరిగొచ్చేది. 2000లో పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు నీళ్లు మోసే వంతెనకి. పేర్లు పెట్టడంలో మనవాళ్లు సరిగ్గా చేసిన అరుదైన పని ఇది.

అక్కణ్నుంచి ఇంకాస్త దిగువకి పోతే ఆదుర్రు. కొబ్బరిచెట్ల మధ్య ఇటుకల దిబ్బ. ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అనేవారు. తవ్వి చూస్తే బౌద్ధ స్తూపమని తేలింది. ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మా చిన్నప్పుడు ఆ ఇటుక పక్కన పాదం పెట్టి కొలుచుకునేవాళ్లం. పాదం చిన్నదైపోయేది.

ఇప్పుడు సెలవులకి వచ్చే పిల్లలు కార్లో ఇవన్నీ చుట్టేస్తున్నారు. తప్పులేదు గానీ, పలివెలకైనా సైకిలు మీద వెళ్లనివ్వండి. ఇంకో మాట. ఊరూరా గుళ్లకు జీర్ణోద్ధరణ జరుగుతోంది. సంతోషం. విరాళమిచ్చేవాళ్లూ, కమిటీలో ఉండేవాళ్లూ మేస్త్రీతో ఒక్క మాట ముందే చెప్పండి: అక్షరాలున్న రాతి మీద ఎనామిల్ పుయ్యొద్దు, టైల్సు అతికించొద్దు, ఇసకతో రుద్దొద్దు. పాత స్తంభం తీసేయాల్సి వస్తే పారెయ్యకుండా ప్రాకారం లోపలే ఓ మూల నిలబెట్టించండి. మన సీమలో అలాంటి రాయి మళ్లీ పుట్టదు.