మంచుత్రోవలు

త్రోవ యనఁగా సర్కారువారు వేసినదే యని మనలోఁ బలువురి తలంపు. ఇరుగుపొరుగువారే కలసి వేసికొని, యేఁటేఁటఁ గాపాడుకొను త్రోవలను గత పుష్యమాసమున అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, మా చెల్లెలి యింట నున్నపుడు మేము చూచితిమి.

అచ్చట మోకాలిలోఁతు మంచుపైఁ దిరుగుటకు స్నోమొబైలను బండి కలదు. దానికిఁ జక్రములు లేవు. ముందు రెండు జారుపలకలును, వెనుకఁ దిరుగు వెడల్పైన రబ్బరుపట్టాయు నుండును. బరువంతయు నా పట్టాపైఁ బఱచుకొనుటచే బండి మంచులోఁ గూరుకొనిపోదు. కెనడాలోని క్యూబెక్కునకుఁ జెందిన జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే బాల్యమునుండియు నిట్టి బండ్లకై పరిశ్రమించుచుండెను. 1934 శీతకాలమున నాతని రెండేండ్ల కుమారుఁడు, ఆసుపత్రికిఁ గొనిపోవ దారిలేక మరణించెను. 1937లో నాతఁడు పట్టాను నడపు నమరికకుఁ బేటెంటు పొందెను. 1959లో 'స్కీడూ' యను చిన్నబండి వెలువడెను. నేఁడది విహారమునకే హెచ్చుగా వాడఁబడుచున్నను, ఆ కడుపుకోఁత విన్నపుడు మా కన్నులు చెమర్చెను.

ఆ రాష్ట్రమున క్లబ్బు లనేకములు. 1967లో నేర్పడిన 'వాస్ట్' అను సమాఖ్య వాని నొక్కటిగాఁ గూర్చుచున్నది. త్రోవలలో నధికభాగము సొంతభూములమీఁదుగాఁ బోవును; భూస్వామి యనుమతియే దానికి మూలము. ఆకురాలు కాలమున క్లబ్బువారు అడ్డుకొమ్మలు నఱికి, వాఁగులపైఁ గఱ్ఱవంతెనలు చక్కఁజేసి, గుఱుతుపలకలు నాటుదురు. మంచు పడినపిదప రాత్రులందుఁ బెద్దయంత్రముతోఁ ద్రోవను జదును చేయుదురు. రాత్రిచలికి మంచు గట్టిపడును గదా. సభ్యుల రుసుము ఖర్చులకగును. పెక్కుపనులు కూలి లేక చేయునవే.

మేమున్న దినములలో నొక చిక్కు వచ్చినది. కొందఱు యువకులు త్రోవ విడిచి యొక వృద్ధురాలి తోఁటఁ జొచ్చి, మేపుల్ చెట్లనుండి తీపినీరు పట్టు గొట్టములను ద్రెంచిరి. ఆమె త్రోవను మూసివేసెను. మా చెల్లెలు నలుగురు స్త్రీలతో నామె యింటికిఁ బోయెను. మేమును వెంట నుంటిమి. వారు వాదింపలేదు. ఆమె చెప్పిన నష్టమంతయు విని, గొట్టములను దామే బాగుచేయింతుమనియుఁ, ద్రోవయంచునఁ ద్రాడు కట్టింతుమనియుఁ జెప్పిరి. ఆమె వెంటనే యొప్పుకొనలేదు. పదునొకండవ దినమున "ఈ యేఁటికి మాత్రము" అని కబురంపెను. వచ్చు నేఁడు మరల నడుగవలసినదే.

సోదరీమణులారా! మా యూరి బాలికలు బడికిఁ బోవు గట్టుదారి రెండేండ్లుగా ముండ్లకంపతో మూయఁబడి యున్నది. పశువులఁ దోలువారు పైరు ద్రొక్కించిరని యా రైతు కోపము. పిల్లలు లారీలు తిరుగు పెద్దరోడ్డునఁ జుట్టుదిరిగి వచ్చుచున్నారు. మావారు వ్రాసిన యర్జీలు పోవుచునే యున్నవి, కంప కదలలేదు. ఈ వారము మేము నలుగురు స్త్రీలము కలసి యా రైతు గుమ్మమునకుఁ బోవ నిశ్చయించితిమి. కంప తీయుమని ముందుగా నడుగము. ఎంత పైరు పోయినదో యడుగుదుము.