కావేరి నీళ్ళొచ్చే రోజు

నాన్న డెబ్బై దాటాక తెలుగు టైపింగు నేర్చుకున్నారు. హిందూపురంలో గడిచిన తన చిన్నతనం గురించి రోజుకో పేజీ రాస్తూ, బెంగళూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుంటారు. ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆ గదిలోంచి "మళ్ళా పాయెరా!" అని కేక వినిపించింది. నేను వెళ్ళేసరికి తెర నల్లబడి, కంప్యూటర్ తనంతట తనే మళ్ళీ మొదలవుతోంది. రెండు పేరాలు పోయాయి. ఆ వయసులో ఒకసారి గుర్తొచ్చిన మాట మళ్ళీ అదే రూపంలో రాదు. ఆయన ముఖం చూస్తే నాకు కడుపులో దేవినట్లయింది.

ముందు ఆయన రాసినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. జబ్బు ఏదైనా సరే, చెయ్యి పెట్టే ముందు చేయాల్సిన పని అదే.

ఆ తర్వాత తొందరపడ్డాను. ఒక్క ఆదివారంలోనే అన్నీ చేసేశాను. వైరస్ స్కాన్ చేశాను, డ్రైవర్లు మార్చాను. క్యాబినెట్ విప్పితే ఔటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల దుమ్మంతా హీట్‌సింక్ రెక్కల మధ్య మెత్తగా పేరుకుని ఉంది. బ్రష్షుతో దులిపాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకి కొత్తది రాశాను. ర్యామ్ ఊడదీసి, దాని పసుపు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో తుడిచి బిగించాను. ఒకవేళ అప్పుడే బాగైపోయినా, దేనివల్ల బాగైందో నాకు తెలిసేది కాదు. మర్నాడు బాగానే ఉంది. మంగళవారం పొద్దున మళ్ళీ ఆరిపోయింది.

అప్పుడు కుదురుగా ఆలోచించాను. మా కంప్యూటర్‌లో విండోస్ లోపలే తప్పు జరిగితే నీలి తెర రావాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి వికటించినప్పుడు ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్లు ఆ తెర దగ్గరే ఇరుక్కుపోయాయి. మన దేశంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. అయితే ఇళ్ళలో ఆ తెర చదివేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంటుంది. అలా దానంతటదే మొదలయ్యే సెట్టింగుకు ఉన్న టిక్కు తీసేశాను. అయినా నీలి తెర రాలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అన్న ఎర్రగుర్తు వరసగా ఉంది. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందన్న మాటే తప్ప, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

కారణం దొరికింది నాన్న నోటుపుస్తకంలో. బ్యాంకులో లెడ్జర్లు రాసిన చెయ్యి కదా, కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ రాసిపెట్టుకున్నారు. అన్నీ పొద్దున ఆరున్నర, ఏడు మధ్యే. అదీ రోజు విడిచి రోజు. ఒకచోట పక్కన "టక్ మని చప్పుడు" అని కూడా ఉంది. మా వీధికి కావేరి నీళ్ళొచ్చేది రోజు విడిచి రోజు. సంపు నిండగానే అమ్మ మోటారు వేస్తుంది. మోటారు అందుకునే క్షణంలో ఇంట్లో వోల్టేజి పడిపోయి ఫ్యాను మందగిస్తుంది. అప్పుడు యూపీఎస్ టక్కున బ్యాటరీకి మారాలి. మన కరెంటులో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు; ఆ మారడం అంతలోపే అయిపోతుంది. ఆ కాస్త సేపు కంప్యూటర్‌కు కరెంటిచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ ఎలాగో ఓర్చుకుంటుంది. కానీ యూపీఎస్‌లో బ్యాటరీ వేసి ఆరేళ్ళయింది. ఇలాంటివి మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళే పనిచేస్తాయి. కాపలాకు పెట్టుకున్న పెట్టే కరెంటు తీసేస్తోందన్నమాట.

నిజమో కాదో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. గురువారం యూపీఎస్ తప్పించి ప్లగ్గు నేరుగా గోడకు పెట్టి, అమ్మతో మోటారు వేయించాను. ఫ్యాను మందగించింది, కంప్యూటర్ కదల్లేదు. తీసి యూపీఎస్‌కే పెట్టి మళ్ళీ వేయించాను. టక్. తెర నలుపు.

కొత్త బ్యాటరీ కోసం ఎస్పీ రోడ్డుకు బయల్దేరితే నాన్న కూడా వస్తానన్నారు. టౌన్‌హాల్ దగ్గర దిగి, కేబుళ్ళు వేలాడే ఇరుకు దుకాణాల మధ్య నా భుజం పట్టుకుని నడిచారు. మేం కన్నడంలో అడిగితే దుకాణదారు తెలుగులో బదులిచ్చాడు. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్ అవర్ బ్యాటరీ ఇచ్చి, పాతది తీసుకున్నాడు. సీసం ఉన్న వస్తువు చెత్తబుట్టలో వేయకూడదు.

శనివారం నీళ్ళొచ్చాయి. మోటారు వేసే ముందు అమ్మ "ఏమండీ, వేస్తున్నా!" అని కేకేసింది. టక్ మంది. నాన్న తలెత్తకుండా వాక్యం పూర్తిచేసి, నోటుపుస్తకంలో తేదీ రాసి పక్కన అడ్డగీత గీశారు.