నొప్పియుఁ బాటయు

మా ఆర్మూరు పసుపునకుఁ బేరుగన్నది. ఎచ్చట నొప్పి పుట్టినను మాకుఁ బసుపే మందు. గోదావరి కావలి ఆదిలాబాదు సీమనుండి వచ్చి నాయొద్దఁ జదువుకొను పదునాఱేండ్ల బాలునకు మాత్రమది చాలదు. వానిది సికిల్‌సెల్ వ్యాధి. రక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళముల నడ్డగించుటచే ఎముకలలో దుర్భరమగు నొప్పి మాటిమాటికి వచ్చుచుండును. అట్టి రాత్రులందు వాఁడు ఫోనులోఁ బాటలు వినును. “జబ్బు నిజమైనచోఁ బాటలేల?” యని పెద్దల యాక్షేపము. ఎంత కఠినమైన మాట! నొప్పికి వెన్నుపాములో ద్వారమువంటి దొకటి కలదనియు, మనస్సు దానిఁ గొంత మూయఁగలదనియు మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లోనే ప్రతిపాదించిరి. మందు మానవలదు సుమా, వైద్యుఁడును వలయును.

ఏ పాట యని యడిగితిని. కీర్తన కాదు, డప్పు! “దరువు లెక్కపెడుతుంటె నొప్పి ఎనుకవడ్తది సార్” అనెను. ఆ మోత నాకు రుచింపదు. ఐనను రాత్రివేళ వాని ఫోను లాగికొనవలదని వసతిగృహపు వార్డెనుగారితోఁ జెప్పి వచ్చితిని.